సారక్క ఆగిన మూడేళ్ళు

సారక్క గురించి చెప్పాలంటే ముందు నా గురించి ఒక ముక్క చెప్పుకోక తప్పదు. నేను సూరత్‌లో ఆరోగ్య బీమా ఏజెంటుని. పేరు పరుశురాం. మావాళ్ళు సాంచలు అని పిలిచే మరమగ్గాల మీద పద్నాలుగేళ్ళు పనిచేశాను. ఆ మోతకు ఎడమ చెవి పూర్తిగా పోయాక ఈ వృత్తిలోకి దిగాను. పర్వత్ పాటియా గల్లీల్లో ఉండే తెలుగు ఇళ్ళల్లో ఎవరికైనా ఆరోగ్య పాలసీ ఉందంటే అది దాదాపు నేను అంటగట్టిందే. అంటగట్టడం అన్న మాట ఈ మధ్యనే వాడుతున్నాను. అంతకుముందు దాన్ని సేవ అనేవాణ్ణి, నమ్మేవాణ్ణి కూడా.

సారక్కది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. చిన్నతనమంతా బీడీలు చుట్టింది. పంతొమ్మిదో ఏట లింగమూర్తిని చేసుకుని సూరత్ రైలెక్కింది. ముప్పై ఏళ్ళు దాటినా ఆమె హిందీ బేరానికి సరిపోయేంత, గుజరాతీ తిట్టుకు సరిపోయేంత. మిగతా బతుకంతా తెలుగులోనే గడిపేసింది. మాకు చుట్టరికం ఏమీ లేదు. ఒకే తాలూకా వాళ్ళం కాబట్టి ఆమె నాకు అక్క, ఆమె మొగుడు బావ.

ఆమె చీరలకు లేసు కుట్టేది. బట్టల మార్కెట్ నుంచి నలభై చీరల మూట మోసుకుని మూడో అంతస్తులోని తన గదికి ఎక్కేది, లేసు పడ్డాక మళ్ళీ దిగేది. ఒకసారి మూట అప్పజెప్పడానికి నేనూ తోడు వెళ్ళాను. సేఠ్ లెక్క చూసి సరే అన్నాక, ఆమె తనంతట తానే నాలుగు చీరలు బయటికి లాగి, వీటి మీద లేసు వంకర పోయింది, వీటి పైసలు కోసుకో అని సైగలు చేసి చెప్పింది. సేఠ్ నా వైపు చూసి, ఈమెకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. సూరత్ మార్కెట్‌లో తన తప్పు తాను చూపించుకునే మనిషిని ఆయన అదే మొదటిసారి చూడటం. నాకైతే సిగ్గేసింది. చాలాకాలం దాన్ని ఆమె అమాయకత్వం కిందే జమ కట్టాను.

గొంతు మాత్రం ఏం గొంతు. బతుకమ్మ పండక్కి మా గల్లీలో పాట ఎత్తేది ఆమే. పక్క గల్లీలో గర్బా స్పీకర్లు చెవులు పగలగొడుతున్నా, ఆమె పాట ఎత్తితే యాభై మంది ఆడవాళ్ళు అందుకునేవాళ్ళు. నాకున్న ఒక్క చెవికే అంత బాగా వినపడేదంటే మీరే ఊహించుకోండి.

2016లో వాళ్ళిద్దరికీ కలిపి నేనే పాలసీ ఇప్పించాను. లింగమూర్తితో పాటు పనిచేసే ఓంప్రకాష్ పేగు ఆపరేషన్ కోసం ఊళ్ళో ఇంటి జాగా అమ్ముకున్నాడు. అది చూసి బావ భయపడి నా దగ్గరికొచ్చాడు. ఉచిత వైద్యానికి సర్కారు ఇచ్చే కార్డు వీళ్ళకు లేదు. సూరత్‌లో చేయించుకుందామంటే ఊరి రేషన్ కార్డు రద్దయిన కాగితం తెమ్మంటారు. ఊరికి వెళ్తే, మీరు ఇక్కడ ఉండటం లేదని పేర్లు ఎప్పుడో తీసేశామంటారు, ఆ తీసేసిన కాగితం మాత్రం ఇవ్వరు. పాతికేళ్ళుగా చెమటోడ్చిన ఊరు, పుట్టిన ఊరు, రెండూ కలిసి ఈ మొగుడూపెళ్ళాల్ని ఎవరికీ చెందని వాళ్ళుగా తేల్చాయి. అలాంటి వాళ్ళ కోసమే కదా నేనున్నాను అని ఛాతీ విరుచుకున్నాను.

మొదటి ఏడాది ప్రీమియం పదమూడు వేల నాలుగు వందలు. లింగమూర్తి పెద్దగా మాట్లాడడు. సాంచల మోతలో పన్నెండు గంటల పాళీ చేసేవాడికి నోరు తెరిచి లాభం ఉండదు, ఆ అలవాటే ఇంట్లోనూ మిగిలింది. ప్రతి జూన్‌లో కొత్త అంకె చెప్పడానికి వెళ్తే తల వంచుకుని వినేవాడు. ఒక ఏడాది వయసు మెట్టు మారిందని పెంచారు. ఇంకో ఏడాది ఆసుపత్రి ఖర్చులు పెరిగాయని పెంచారు. మరో ఏడాది సూరత్‌ను పెద్ద నగరాల వరసలో చేర్చామని పెంచారు. ఆ పెద్ద నగరంలో వీళ్ళు ఉండే గది పది అడుగులకు పన్నెండు. ఆరేళ్ళలో ఒక్క రూపాయి క్లెయిము చేయలేదు. అయినా పెంచారు.

2022 జూన్‌లో వచ్చిన కాగితం వేరే రకం. ఈ పథకాన్ని ఆపేస్తున్నాం, ఇదే కంపెనీలో మరో పథకంలోకి మారండి అని రాశారు. పాత రక్షణ అంతా కొనసాగుతుందట. కొత్త పథకం ప్రీమియం యాభై రెండు వేలు.

బావ ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

"నా నెల జీతం ఇరవై వేలు పర్శరాం. గివి మూడు నెలలు తినకుండ ఉంటే గని రావు," అన్నాడు.

వాళ్ళ కొడుకు సంపత్ ఆన్‌లైన్ చీరల దుకాణంలో ఫొటోలు తీస్తాడు. సూరత్‌లోనే పుట్టి పెరిగాడు, ఫోనులో చిటికెలో వెతికేస్తాడు. "టెన్షన్ మత్ లో మామా, అన్ని కంపెనీలు ఒక్కకాడనే ఉంటయి," అని ఒక సైటు తెరిచాడు. మొదట ఇరవై మూడు పథకాలు వచ్చాయి. వాడికి నవ్వొచ్చింది, నాక్కూడా ఆశ పుట్టింది. బావ వయసు యాభై ఏడు అని కొట్టగానే పదకొండు మిగిలాయి. పిన్‌కోడ్ కొట్టాక ఏడు. పాత పాలసీ నుంచి మారాలని నొక్కాక నాలుగు. ఆ నాలుగు కంపెనీలకూ నేనే దరఖాస్తు పెట్టాను. మూడు కంపెనీలు కారణం చెప్పకుండా వద్దన్నాయి. నాలుగోది, మార్పిడి కింద తీసుకోం, కావాలంటే కొత్త మనుషుల్లా చేరండి, ముప్పై ఒక్క వేలు అంది. కొత్తగా చేరితే పాత ఆరేళ్ళు గంగలో కలిసినట్టే. అంతకుముందు నుంచి ఏ జబ్బు ఉన్నా దానికి మూడేళ్ళ దాకా పైసా ఇవ్వరు.

యాభై రెండు వేలు లేవు. ముప్పై ఒక్క వేలు ఎలాగో ఉన్నాయి. దాన్ని ఎంచుకోవడం అంటారో ఏమంటారో నాకు తెలియదు.

ఫారం నింపింది నేను. వాళ్ళ గదిలో, లేసు చుట్టల మధ్య కూర్చుని, ఇరవై రెండు ప్రశ్నలు గడగడా చదివాను. బీపీ, షుగర్, ఉబ్బసం, ఫిట్లు, గుండె. సారక్క కుట్టు ఆపకుండానే లేదు, లేదు అంటూ వచ్చింది. గుండె దగ్గర మాత్రం ఆగింది.

"తమ్మీ, మొన్న ఎండకాలం మా అక్క బిడ్డ లగ్గానికి ఊరికి పోయినప్పటి సంది మెట్లెక్కుతుంటే జర ఆయాసమస్తున్నది. అది రాయాల్నా?"

"అది రోగం కాదక్కా, వయసు," అన్నాను.

"రాస్తే ఏమైతది?"

"రాస్తే పరీక్షలంటరు, పరీక్షలైనంక పాలసీ ఇయ్యం అంటరు. నీకు, బావకు ఇద్దరికీ పోతది."

ఆమె సరే అని తల ఊపింది. నేను లేదు అన్న గడిలో టిక్కు పెట్టాను. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు, రాస్తే నిజంగానే ఇచ్చేవాళ్ళు కాదు. ఆ పాలసీ మీద నాకూ కమీషన్ వచ్చింది, ఆ మాటా దాచను. ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుని కింద సంతకం చేసింది. పాలసీ 2022 జులై పదకొండున మొదలైంది.

ఆ అక్టోబరు బతుకమ్మకు పాట ఎత్తింది వేరే ఆవిడ. సారక్క అందుకునే వాళ్ళలో నిలబడి, గొంతు పట్టిందని చెప్పింది. డిసెంబరులో ఒకరోజు నేను వెళ్ళేసరికి రెండో అంతస్తు మెట్ల మీద గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతిలో మూట లేదు, అయినా మాట రావటం లేదు. నన్ను చూసి, చెప్పు తెగిందని చూస్తున్న అంది. చెప్పు బాగానే ఉంది.

అప్పుడే చెప్పాను. గల్లీ మొత్తం నన్ను బీమాలో పండితుణ్ణి చేసి పెట్టింది కదా, ఆ పాండిత్యమంతా వాడాను. ఇప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్తే గుండెదో ఊపిరితిత్తులదో ఏదో ఒకటి రాస్తారు. చేరి ఆరు నెలలు కాలేదు కాబట్టి, ఇది పాత జబ్బేనని కంపెనీ వదిలించుకుంటుంది. మూడేళ్ళు దాటితే ఆ మాట అనడానికి వీల్లేదు. అందుకని 2025 జులై పదకొండు దాకా ఏ ఆసుపత్రి గడపా తొక్కొద్దు, ఎక్కడా కాగితం పుట్టొద్దు. పన్నెండో తారీఖు పొద్దున్నే నేనే తీసుకెళ్తాను.

ఇది నా ఒక్కడి తెలివి కాదు. మా గల్లీలో సగం మంది ఇలాగే బతుకుతున్నారు. కంటి మసకను, మోకాలి నొప్పిని, గడ్డను, మూలశంకను తేదీలు వేసుకుని మోస్తుంటారు. ఎవరి గడువు ఎప్పుడు తీరుతుందో నాకు నోటికి వచ్చు. గడువు తీరేదాకా రోగం కదలకుండా కూర్చుంటుందని మేమంతా ఎలా నమ్మామో, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

సారక్క మాట అంటే మాటే. ఆగుతానంది, ఆగింది. మందుల దుకాణంలో దగ్గు సీసా తప్ప ఏమీ కొనలేదు. మూటలు ఎక్కించడం బావ పాళీకి వెళ్ళే ముందు చేసిపెట్టేవాడు. మొదట రెండు దిండ్లు పెట్టుకుని పడుకునేది, తర్వాత మూడు, ఆ తర్వాత గోడకు ఆనుకుని కూర్చునే నిద్ర. కిందికి దిగడం మానేసింది. ఇరుగుపొరుగుతో, ఆర్డరు ఎక్కువ వచ్చింది, తీరుబడి లేదు అనేది. వంకర లేసుకు పైసలు కోసుకోమన్న మనిషి, నా మాట మీద మూడేళ్ళు లోకానికంతా అబద్ధం చెప్పింది.

ఈలోగా ముప్పై ఒక్క వేలు ముప్పై ఆరయింది. ముప్పై ఆరు నలభై మూడయింది. మధ్యమధ్యలో, ఫలానా ఆసుపత్రిని మా జాబితా నుంచి తీసేశాం అని మెసేజ్‌లు. పర్వత్ పాటియా చుట్టుపక్కల నగదు కట్టకుండా చేర్చుకునే ఆసుపత్రులు ఆరు ఉండేవి, ఒకటి మిగిలింది. అది కాన్పుల ఆసుపత్రి.

2024 వానాకాలంలో ఒకరోజు బావ నా గది తలుపు కొట్టాడు. నా దగ్గరికి ఆయన ఒంటరిగా రావడం ఎప్పుడూ లేదు.

"కాళ్ళు ఉబ్బుతున్నయి పర్శరాం. ఇగ ఆగ. రేపు తీస్కపోత," అన్నాడు.

"ఇంకొక్క ఏడాది బావా. ఇన్నొద్దులు ఆగినంక ఇప్పుడు పోతే మొత్తం మట్టిలో పోస్తవు. ఆపరేషన్ అంటే నాలుగైదు లక్షలు. యాడికెల్లి తెస్తవు?"

ఆయన దగ్గర జవాబు లేదని నాకు తెలుసు. తెలిసే అడిగాను. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆయన నన్ను లాగి ఒకటి కొట్టి ఆమెను తీసుకుపోయి ఉంటే ఎంత బాగుండేది.

2025 జులై పన్నెండు శనివారం. పొద్దున ఎనిమిదింటికల్లా ఆటో మాట్లాడుకుని వచ్చాను. జాబితాలో గుండె డాక్టర్లు ఉన్న ఆసుపత్రులు రెండే మిగిలాయి, రెండూ తాపీ నది అవతల. అందులో అడాజన్‌లో ఉన్నదాన్ని నేనే ఎంచాను. ఎందుకంటే అక్కడ కరుణ అని తెలుగు డాక్టరమ్మ ఉంది. హనుమకొండ అమ్మాయి, కొత్తగా వచ్చింది, మంచి పేరు. అక్క తన బాధ తన భాషలో చెప్పుకుంటుంది అనుకున్నాను. ఆ ఏర్పాటుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆటోలో దారంతా పాఠం చెప్పాను.

"ఎన్నొద్దుల సంది అంటే రెండు నెలల సంది అను. అంతే. ఎక్కువ మాట్లాడకు."

"సరే తమ్మీ."

పక్కన కూర్చున్న బావ ముందు రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను. రెండుసార్లూ సరిగ్గానే చెప్పింది.

డాక్టరమ్మ మా మాటలు విని, "మీది ఏ ఊరమ్మా?" అంది. అంతే, సారక్క ముఖం విచ్చుకుంది. సూరత్‌లో ముప్పై మూడేళ్ళలో ఏ డాక్టరూ ఆమెను తెలుగులో పలకరించలేదు. గుజరాతీ డాక్టరైతే నేనే మధ్యలో ఉండి హిందీలో చెప్పేవాణ్ణి. ఏది చెప్పాలో ఏది మింగాలో నా చేతిలో ఉండేది. ఇక్కడ నాకు పని లేకుండా పోయింది. ఆ ముక్క ఆటో ఎక్కేముందు నా బుర్రకు తట్టలేదు.

డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, ఎప్పటి నుంచమ్మా ఈ ఆయాసం అని అడిగింది.

"మా అక్క బిడ్డ లగ్గమైన ఎండకాలం సంది బిడ్డా. మూడేండ్లు దాటింది."

నేను దగ్గాను. ఆమె ఆగలేదు. ఎన్ని మెట్లకు ఆయాసం వచ్చేది, తర్వాత ఎన్ని మెట్లకు, ఎప్పుడు పడుకోలేకపోయింది, ఏ నెలలో కాళ్ళు ఉబ్బాయి, అన్నీ వరసగా చెప్పింది. చిన్నప్పుడు ఏమైనా పెద్ద జ్వరం వచ్చిందా అంటే, బీడీలు చుట్టే వయసులో కీళ్ళన్నీ వాచి నెల రోజులు మంచంలో ఉన్న సంగతి కూడా చెప్పింది. అది మాకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. మూడేళ్ళు నోరు కట్టుకున్న మనిషి ఒక్కసారిగా మొత్తం దించుకుంది. నేను కాలితో ఆమె పాదం నొక్కాను. ఆమె నా వైపు తిరిగింది.

"డాక్టరమ్మకు అబద్ధం చెప్తే మందెట్ల పనిచేస్తది పర్శరాం?" అంది.

డాక్టరమ్మ అన్నీ కంప్యూటర్‌లో కొట్టింది. నేను ఆ కీల టకటక వింటూ కూర్చున్నాను.

గుండె పరీక్షలయ్యాక మమ్మల్ని లోపలికి పిలిచింది. చిన్ననాటి ఆ జ్వరం వల్ల గుండె కవాటం ఒకటి మూసుకుపోతూ వచ్చిందట. ఇప్పుడు కవాటం మార్చాలి, అది కూడా ఈ నెలలోనే, ఎందుకంటే ఆ ఒత్తిడికి ఊపిరితిత్తులు పాడవుతున్నాయి. నాలుగున్నర లక్షలు. పాలసీ ఉంది కదా, ఇబ్బంది లేదు అంది. తర్వాత, అడగకుండా ఉండలేక అన్నట్టు, ఇన్నాళ్ళు ఎందుకు ఆగారు అంది.

బావ నా వైపు చూశాడు.

"మూడేళ్ళ కింద వచ్చి ఉంటే కోత కూడా అక్కర్లేకపోయేది. బెలూన్‌తో వెడల్పు చేసి రెండు రోజుల్లో ఇంటికి పంపేవాళ్ళం. లక్షా పదివేలల్లో అయిపోయేది," అంది.

ముప్పై ఒకటి, ముప్పై ఆరు, నలభై మూడు. కూడితే లక్షా పదివేలు. ఈ నెల కట్టిన నాలుగో ఏడాదిది కాక, ఆ మూడేళ్ళలో వాళ్ళు కట్టిన ప్రీమియం. బావ ముఖం చూస్తే ఆయన కూడా మనసులో అదే కూడాడని తెలిసింది.

రెండు రోజుల్లో కంపెనీ జవాబు వచ్చింది. రోగి స్వయంగా చెప్పిన ప్రకారం లక్షణాలు పాలసీకి రెండు నెలల ముందే ఉన్నాయి, దరఖాస్తులో గుండె, శ్వాస ప్రశ్నకు లేదు అని రాశారు, నిజం దాచారు కాబట్టి చికిత్సకు డబ్బు ఇవ్వం, పాలసీ కూడా రద్దు చేస్తున్నాం. మూడేళ్ళ గడువు తీరిందా లేదా అన్న ప్రశ్నే వాళ్ళకు రాలేదు. గడువు జబ్బుకు, దాచినదానికి గడువు లేదు. ఇన్నేళ్ళు ఏజెంటుగా ఉండి ఈ తేడా నాకు తెలియదా అంటే, తెలుసు. ఎవరూ చెప్పకపోతే దాచినట్టు ఎలా తెలుస్తుంది అనుకున్నాను.

నేను అడాజన్ పరుగెత్తి డాక్టరమ్మ కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఆ ఒక్క లైను మార్చండి, మూడేళ్ళ బదులు మూడు నెలలని రాయండి అని. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కంపెనీకి ఇప్పటికే వెళ్ళిపోయిందండీ, అయినా నేను అలా రాయలేను అంది. ఆమె మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను, రాలేదు. ఆమె అడిగింది, పేషెంటు చెప్పింది, ఆమె రాసింది. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరి పని వాళ్ళు సరిగ్గా చేసింది ఆ ఇద్దరు ఆడవాళ్ళే.

బీమా ఫిర్యాదులు వినే అధికారికి అర్జీ పెట్టాను. అందులో రాశాను, ఆమె అడిగింది, వద్దన్నది నేను, టిక్కు పెట్టింది నేను అని. అలా రాస్తే నా లైసెన్సు పోతుందని సంపత్ అన్నాడు. పోతే పోనీ అనుకున్నాను. పోలేదు. నాలుగు నెలలకు తీర్పు వచ్చింది. దరఖాస్తు కింద సంతకం సారక్కది, ఆ సంతకానికి ఆమే బాధ్యురాలు, కంపెనీ చేసింది సరైనదే. నా పేరు ఆ తీర్పులో ఎక్కడా లేదు.

ఆ నాలుగు నెలల్లో సర్కారు దవాఖానా చుట్టూ తిరిగాం. మొదటి డాక్టరు చూడటానికి మూడు వారాలు, గుండె పరీక్షకు నెల, పెద్ద డాక్టర్లంతా కూర్చుని చూడటానికి రెండు నెలలు. అక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కారు, మనుషులు మరీ ఎక్కువ, అంతే. చివరికి ఆ పెద్ద డాక్టర్లు చెప్పింది ఏమిటంటే, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి బాగా పెరిగిపోయింది, ఇప్పుడు ఛాతీ తెరిస్తే బల్ల మీదే పోయే ప్రమాదం ఎక్కువ. మాత్రలు రాసిచ్చారు. నెలకోసారి రమ్మన్నారు. ఆపరేషన్ ఎప్పుడు అని బావ అడిగితే, మాత్రలు వాడండి అన్నారు.

గల్లీలో విషయం పాకింది. జనం నా దగ్గరికి వచ్చి, మేము గడువు దాకా ఆగాలా, ఇప్పుడే పోవాలా అని అడుగుతున్నారు. ఇప్పుడే పోండి అంటున్నాను. పోతే డబ్బు ఎవరిస్తారు అంటున్నారు. సగం మంది పాలసీలు వదిలేశారు. మిగిలిన సగానికి ఈ ఏడాది ఎంత పెరిగిందో చెప్పడానికి నాకు నోరు రావటం లేదు. నా సంచీలో ఒకప్పుడు ఏడు కంపెనీల ఫారాలు ఉండేవి. యాభై దాటిన సాంచల కార్మికుణ్ణి తీసుకునే కంపెనీ ఇప్పుడు ఒక్కటే ఉంది. అది కూడా అన్ని పరీక్షలూ అయ్యాకే. బావకు అరవై. ఆయన ఒక్కడికే యాభై ఎనిమిది వేలు అడిగారు. వద్దన్నాడు. తిట్టలేదు, అరవలేదు, వద్దు అని మాత్రం అన్నాడు. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరికీ ఏ కాగితమూ లేదు.

తీర్పు కాగితం పట్టుకుని మొన్న ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఆ మూడంతస్తులు ఎక్కడం నాకూ కష్టంగానే ఉంది. బావ పాళీకి పోయాడు. సారక్క గోడకు ఆనుకుని, కాళ్ళు ముందుకు చాపి, ఒళ్ళో చీర పెట్టుకుని ఉంది. నాలుగు కుట్లు వేసి ఆగుతుంది, ఊపిరి తీసుకుని మళ్ళీ నాలుగు వేస్తుంది. పాదాలు ఉబ్బి మెరుస్తున్నాయి.

తీర్పు చదివి వినిపించాను. నా పేరు లేని సంగతి కూడా చెప్పాను. నన్ను క్షమించక్కా అని కూడా అన్నాను. 

"నీదేమున్నది తమ్మీ. మా మంచికే చెప్పినవు," అంది.

తిట్టినా బాగుండేది.

ఇంకో నాలుగు కుట్లు వేసింది. తర్వాత మూట లెక్క ఒప్పజెప్పినంత మామూలుగా అంది:

"నువ్వు చెప్పిన దినం దాక ఆగిన. ఒక్క దినం గూడ ముందుగాల పోలే."

"అవునక్కా."

"అప్పుడు నువ్వు తారీకు చెప్పినవు గాబట్టి ఆగిన. మనిషికి తారీకు ఉంటే ఎంతైనా ఆగుతది." ఊపిరి కోసం ఆగి, మళ్ళీ అంది. "ఇప్పుడెందాక ఆగాలె? అదొక్కటి చెప్పు. ఆగుత."

ఆమె నా ముఖంలోకి చూస్తూ, చెప్తానని నమ్మి ఎదురుచూసింది. ముప్పై ఇళ్ళ గడువులు నోటికి వచ్చిన వాణ్ణి నేను. నా దగ్గర ఆమెకు చెప్పడానికి ఏ తారీకూ లేదు.